రామేశ్వరం దారిలో పుదుచ్చేరి: గంటసేపు ఆగితే చాలదు, రెండు రాత్రులు ఉండండి

చెల్లెమ్మా, మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. జనవరిలో ప్రొద్దుటూరు నుంచి సొంత కారులో అరుణాచలం, చిదంబరం, తంజావూరు చూసుకుంటూ రామేశ్వరం పోతున్నారు. మీరు, మీ ఆయన, ఎనిమిదేళ్ల పాప, పదకొండేళ్ల బాబు, మోకాళ్ల నొప్పులున్న మీ అత్తమ్మ, మీ మరిది. దారిలో పుదుచ్చేరి తగులుతుంది. పిల్లలు ఇంతవరకు సముద్రం చూడలేదు కాబట్టి అక్కడ ఆగాల్సిందే అంటున్నారు. మీ ఆయనేమో అది తాగేవాళ్ల ఊరు, బీచిలో ఇసుక కూడా లేదంట, ఒక గంట చూసి పోదాం అంటున్నారు. మీ మరిదికి మాత్రం సముద్రంలో ఈత కొట్టాలని ఉంది. ఆగొచ్చా, ఆగితే అత్తమ్మకు ఇబ్బంది లేకుండా ఎలా అని మీరు అడిగారు.

ఆగండి. గంట కాదు, రెండు రాత్రులు ఉండండి. అంత వీలు కాకపోతే ఒక్క రాత్రయినా సరే. పగలు దిగి పగలే పోయేలా మాత్రం పెట్టుకోవద్దు. కడప నుంచి చాలా ఏళ్లు టూరిస్టు బండి నడిపినవాణ్ణి, ఎన్నో కుటుంబాలను ఆ ఊరికి తీసుకుపోయాను. "ఇంతేనా, ఇక్కడేముంది" అని మొహం ముడుచుకుని వెనక్కొచ్చినవాళ్లు దాదాపు అందరూ మధ్యాహ్నం పన్నెండుకు దిగి నాలుగింటికి బండెక్కినవాళ్లే. ఆ వేళలో ఆ ఊళ్లో కనపడేవి ఉక్కపోత, ట్రాఫిక్, నల్లటి బండరాళ్లు. అసలు పుదుచ్చేరి సాయంత్రం ఆరు తర్వాత మొదలవుతుంది, మళ్లీ తెల్లవారుజామున కనిపిస్తుంది. మీ ప్రయాణాన్ని ఆ రెండు వేళల చుట్టూ అల్లుకోవాలి.

సాయంత్రం ఆరు నుంచి మర్నాడు పొద్దున ఏడున్నర దాకా బీచి రోడ్డు మీదికి ఏ బండినీ రానివ్వరు. కిలోమీటరు పైచిలుకు పొడవున్న రోడ్డు మొత్తం నడిచేవాళ్లదే. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు ఫ్రెంచివాళ్ల కాలం నాటి కట్టడాలు, మధ్యలో హారన్ మోత లేకుండా పిల్లలు పరుగెత్తడానికి తారురోడ్డు. మన ప్రొద్దుటూరులో గానీ కడపలో గానీ పిల్లల చెయ్యి వదిలేసి రోడ్డు మీద నడిచే వీలు ఎక్కడుంది చెప్పండి? మీ అత్తమ్మ పదడుగులు వేసి కూర్చోవాలన్నా సముద్రం వైపు పొడవునా గట్టు, బెంచీలు ఉంటాయి. ఆమెను గాంధీ విగ్రహం దగ్గర కూర్చోబెట్టి మీరు అటూ ఇటూ తిరిగి రావచ్చు. ఆ విగ్రహం చుట్టూ ఉన్న ఎనిమిది రాతి స్తంభాలు జింజి కోట నుంచి తెచ్చినవని చెబుతారు. మీరు అంతకుముందే జింజి మీదుగా వస్తారు కాబట్టి పిల్లలకు ఆ ముచ్చట చెప్పండి.

ఇక ఇసుక లేదన్న మాట. మీ ఆయన విన్నది చాలావరకు నిజమే, కానీ దాని వెనక ఒక కథ ఉంది. ఒకప్పుడు ఆ ఊరికి మంచి ఇసుక తీరమే ఉండేది. మన తూర్పు తీరంలో అలలు ఏడాది మొత్తం మీద ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి జరుపుతూ పోతాయి. 1980లలో ఊరికి దక్షిణాన హార్బరు కట్టి, సముద్రంలోకి రాళ్ల గోడలు వేశారు. వచ్చే ఇసుక ఆ గోడల దగ్గరే ఆగిపోయింది. ఉత్తరాన ఉన్న ఊరి తీరానికి కొత్త ఇసుక రాక, ఉన్నది కొట్టుకుపోయింది. రోడ్డు కూడా కోతకు గురవుతుందని బండరాళ్లు పోసి కాపాడుకున్నారు. ఇప్పుడు మనం చూసే రాక్ బీచ్ అదే. 2018లో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వాళ్లు సెక్రటేరియట్‌కు ఎదురుగా నీళ్ల అడుగున పెద్ద ఉక్కు దిమ్మెను దించి అలల జోరు తగ్గించారు. దాంతో ఆ ఉత్తరపు కొసలో మళ్లీ ఇసుక మేట వేసింది. పిల్లలు ఇసుకలో ఆడుకోవాలంటే మొదటి సాయంత్రం అక్కడికి తీసుకుపోండి. మీ బాబు ఈ కారణం వింటే ఆ తీరాన్ని ఇంకో కన్నుతో చూస్తాడు.

పొద్దున మాత్రం బద్ధకించకండి. అది తూర్పు తీరం, సూర్యుడు నేరుగా నీళ్లలోంచి లేస్తాడు. జనవరిలో ఆరున్నర దాటాకే పొద్దు పొడుస్తుంది కాబట్టి పిల్లలను మరీ చీకట్లో లేపాల్సిన పని లేదు. ఆరింటికి అక్కడుంటే చాలు.

రోజుల ఎంపిక గురించి గట్టిగా చెబుతాను, ఎందుకంటే మీ ట్రిప్ బాగుండటం సగం దీని మీదే ఉంది. సోమవారం నుంచి గురువారం లోపు పుదుచ్చేరిలో ఉండేలా చూసుకోండి. శుక్రవారం రాత్రి నుంచి చెన్నై, బెంగళూరు కుర్రకారు దిగుతారు. గదుల అద్దెలు పెరుగుతాయి, బీచి పక్కనే ఉన్న పాత ఫ్రెంచి పేట వైట్ టౌన్‌లో కారు పెట్టే చోటు దొరకదు, మీ ఆయన భయపడే తాగుడు గోల కూడా ఆ రెండు రోజులే ఎక్కువ. సంక్రాంతి సెలవుల్లో పోతే ఇంకో సంగతి గుర్తుంచుకోండి. మన ముక్కనుమ నాడు తమిళులకు కాణుం పొంగల్. ఆ రోజు ఇంటిల్లిపాదీ బీచిలకు వస్తారు, ఇసుక కనపడనంత జనం ఉంటారు. అలాగే పంచాంగం చూసి పౌర్ణమి నాడు అరుణాచలంలో పడకుండా చూసుకోండి. గిరిప్రదక్షిణ జనంతో ఊళ్లోకి దారులన్నీ బిగిసిపోతాయి, మోకాళ్ల నొప్పులున్న మనిషిని పెట్టుకుని ఆ రోజు దర్శనం చేయించడం కష్టం.

నవంబరు మీద మనసుంటే మానుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆ తీరానికి ఈశాన్య రుతుపవనాలు. 2024 నవంబరు 30న ఫెంగల్ తుఫాను పుదుచ్చేరి దగ్గరే తీరం దాటింది. ఒక్కరోజులో 40 సెంటీమీటర్లకు పైగా కురిసింది. మన కడప జిల్లాలో ఏడాదంతా పడే వానలో సగం కన్నా ఎక్కువ అది. జనవరి చివర్నుంచి మార్చి మొదటి వారాల దాకా వాతావరణం హాయిగా ఉంటుంది. ఆ తర్వాత చెమట మొదలవుతుంది. మనకు నలభై నాలుగు డిగ్రీలు అలవాటే కదా అనుకోవద్దు. మనది పొడి ఎండ, చెమట పట్టగానే ఆరిపోతుంది. అక్కడ గాలిలోనే తేమ ఉంటుంది, చెమట ఆరదు, పెద్దవాళ్లు తొందరగా నీరసపడతారు.

దారి: కడప నుంచి రాయచోటి, పీలేరు, చిత్తూరు మీదుగా నలభయ్యో నంబరు జాతీయ రహదారి పట్టుకోండి. అక్కడి నుంచి వేలూరు, పోలూరు మీదుగా అరుణాచలం. ప్రొద్దుటూరు నుంచి మొత్తం మూడువందల ముప్ఫై కిలోమీటర్ల చిల్లర, ఆగుతూ పోతే ఏడెనిమిది గంటలు. గువ్వలచెరువు ఘాటులో లారీల వెనక ఓపిగ్గా పోవాలి, మలుపుల్లో ఓవర్‌టేక్ వద్దని బండి నడిపేవాళ్లకు మీరే చెప్పండి. ఘాటు దాటాక కోవా ఒక డబ్బా తీసుకోండి, పిల్లలకు దారి పొడవునా నోరు ఆడుతుంది. రేణిగుంట మీదుగా కూడా పోవచ్చు గానీ తిరుపతి చుట్టుపక్కల ట్రాఫిక్‌లో పొద్దు పోతుంది.

మొదటి రాత్రి అరుణాచలంలో పడుకుని పొద్దున్నే దర్శనం చేసుకోండి. అక్కడ భోంచేసి బయల్దేరితే పుదుచ్చేరి నూరు కిలోమీటర్ల పైచిలుకు, జింజి, తిండివనం మీదుగా. మధ్యలో జింజి కోట రోడ్డు పక్కనే వస్తుంది. ఆర్కాటు నవాబుతో పోరాడి 1714లో చనిపోయిన దేసింగురాజు కోట అది. మీ అత్తమ్మ చిన్నప్పుడు ఆ కథ ఎవరో ఒకరు పాడగా వినే ఉంటుంది, ఆమెనే పిల్లలకు చెప్పమనండి. 2025 జులైలో మరాఠాల కోటలతో పాటు యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. మధ్యాహ్నం ఎండలో రాజగిరి కొండ ఎక్కే ప్రయత్నం వద్దు. కింద ఉన్న కల్యాణ మహల్, ధాన్యపు కొట్లు చూస్తే గంటన్నర సరిపోతుంది. మన గండికోట చూసిన పిల్లలకు ఆ కొట్లు చూడగానే గుర్తుకొస్తుంది. అక్కణ్ణుంచి కదిలితే ఐదింటికల్లా పుదుచ్చేరిలో ఉంటారు. గదిలో సామాను పడేసి, మొహం కడుక్కుని బీచి రోడ్డుకు నడవడానికి సరైన వేళ అది.

గది తీసుకునేటప్పుడు స్విమ్మింగ్ పూల్, బఫే చూసి ఊరి బయట రిసార్టులకు పోవద్దు. ప్రతిసారీ కారు తీయాలి, మళ్లీ పార్కింగ్ టెన్షన్. బీచి రోడ్డుకు నడిచిపోయేంత దూరంలో, సొంత పార్కింగ్ ఉన్న లాడ్జి చూడండి, కింది అంతస్తులో గదో లిఫ్టో ఉందా అని అడగండి. మీలాంటి కుటుంబానికి నేను ముందు చెప్పేది అరవిందాశ్రమం వాళ్ల గెస్ట్‌హౌస్‌లు. శుభ్రంగా ఉంటాయి, మందు, సిగరెట్లు లోపలికి రానివ్వరు, రాత్రి గేటు వేళకు మూసేస్తారు. మీ ఆయన దిగులు సగం అక్కడే తీరుతుంది. గదులు చాలా ముందే నిండిపోతాయి. పిల్లలతో వస్తున్నామని ఫోన్లోనే చెప్పి, ఒప్పుకుంటేనే బుక్ చేయండి. ఊళ్లోకి వచ్చాక కారును ఉన్నచోటే వదిలేయండి. వైట్ టౌన్‌లో వన్‌వేలు ఎక్కువ, వీధులు చిన్నవి. అత్తమ్మకు ఆటో పెట్టుకోండి, ఎక్కకముందే రేటు మాట్లాడుకోండి.

మందు సంగతి కూడా దాచకుండా చెబుతాను. అక్కడ మద్యం చవక, షాపులు ఎక్కువ, అందుకే ఆ పేరు. అంతమాత్రాన కుటుంబాలు తిరగలేని ఊరు కాదు. రాత్రి తొమ్మిదిన్నరకు బీచి రోడ్డు మీద ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు, కాలేజీ అమ్మాయిలు ధైర్యంగా నడుస్తుంటారు. మీరు జాగ్రత్త పడాల్సింది ఒక్క దగ్గరే: తిరుగు ప్రయాణంలో ఎవరి కోసమూ ఒక్క సీసా కూడా కారులో పెట్టుకోవద్దు. పుదుచ్చేరి దాటగానే తమిళనాడు, హద్దుల్లో తనిఖీలు ఉంటాయి. స్నేహితుడు అడిగాడని పెట్టుకున్న సీసాతో పిల్లల ముందు బండి ఆపించుకుని నిలబడే పరిస్థితి ఎందుకు?

ఇప్పుడు మీ మరిది ఈత గురించి. ఈ సమాధానంలో మీరు ఇంకేం మరిచిపోయినా ఇది మరవద్దు, ఆయనతో కూడా చదివించండి.

మన దగ్గర ఈత వచ్చినవాళ్లంతా బావుల్లో, కేసీ కాలువలో, పెన్నలో మడుగుల్లో నేర్చుకున్నవాళ్లే. వాళ్లకు ధైర్యం ఉంటుంది, ఆ ధైర్యమే సముద్రం దగ్గర ప్రమాదం. బావిలో నీళ్లు కదలవు, అలిసిపోతే నాలుగు బారల్లో మెట్టు అందుతుంది. కాలువ ఒక్క దిక్కుకే పారుతుంది, ఎటు పోతున్నామో తెలుస్తుంది. సముద్రంలో ఒడ్డుకు వచ్చిపడిన నీళ్లన్నీ వెనక్కి పోవాలి కదా. అవి అలల మధ్య ఏదో ఒక సందు చూసుకుని సన్నటి పాయలా లోపలికి దూసుకుపోతాయి. దాన్నే రిప్ కరెంట్ అంటారు. పైనుంచి చూస్తే అక్కడ అల విరగదు, నురగ తక్కువ, నీళ్లు కాస్త నల్లగా, ప్రశాంతంగా కనిపిస్తాయి. తెలియనివాళ్లు సరిగ్గా అక్కడే దిగుతారు, ఇక్కడ అలలు లేవు కదా అని. గజ ఈతగాడు కూడా ఆ పాయకు ఎదురీదలేడు, ఒడ్డు కేసి కొట్టీ కొట్టీ అలిసి మునిగిపోతాడు. అందులో చిక్కితే ఒడ్డు వైపు ఈదకూడదు. ఒడ్డు వెంబడి, అంటే తీరానికి సమాంతరంగా పక్కకు ఈదాలి. ఆ పాయ వెడల్పు ఎక్కువ ఉండదు, పక్కకు తప్పుకుంటే లాగుడు తగ్గుతుంది, అప్పుడు అలలతో పాటు ఒడ్డుకు రావాలి. ఈదలేకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి కేక వేయాలి. ఒడ్డున ఉన్నవాళ్లు ఎవరూ కాపాడతామని వెంటనే దూకొద్దు. తాడు, ఖాళీ నీళ్ల క్యాను, తేలేది ఏదైనా విసరాలి, జాలర్లనో పోలీసులనో పిలవాలి.

రాక్ బీచ్‌లో అయితే ఎవరూ దిగొద్దు. రాళ్ల మీద పాచి ఉంటుంది. సెల్ఫీ కోసం ఒక రాయి నుంచి ఇంకో రాయికి అడుగు వేస్తే జారి సందులో కాలు ఇరుక్కుంటుంది, వెనకే అల వచ్చి కొడుతుంది. ఉత్తరాన ఇసుక ఉన్నచోట కూడా పోలీసులు వద్దన్నారంటే వద్దు, ఒప్పుకుంటే పాదాలు తడిసేంత వరకే. ఊరికి ఉత్తరాన సెరినిటీ బీచ్‌లో అలలు పెద్దవి, అక్కడ సర్ఫింగ్ నేర్పేవాళ్లు ఉన్నారు. మీ మరిదికి అంత ముచ్చటగా ఉంటే డబ్బు కట్టి వాళ్ల దగ్గర ఒక పూట నేర్చుకోమనండి. పలకకు కాలు కట్టి, పక్కనే మనిషి ఉండి నేర్పుతారు. ఒంటరిగా దిగడం కన్నా అది ఎన్నో రెట్లు మేలు. మందు తాగి సముద్రంలో దిగడం గురించి చెప్పనక్కర్లేదు, పేపర్లో మనం చూసే వార్తల్లో చాలావాటి వెనక ఆ సీసానే ఉంటుంది.

పిల్లలకు నీళ్ల సరదా తీరాలంటే రెండో రోజు పొద్దున్నే చున్నాంబార్ పోండి. కడలూరు రోడ్డులో ఊరికి ఎనిమిది కిలోమీటర్లు. అక్కడ బోటు ఎక్కితే బ్యాక్‌వాటర్ మీదుగా మడచెట్ల పక్కనుంచి పారడైజ్ బీచ్‌కు తీసుకుపోతారు. పిల్లలు సముద్రం కన్నా ఆ పడవనే ఎక్కువ గుర్తుపెట్టుకోవడం చూశాను. పొద్దున తొందరగా పోతే క్యూ ఉండదు. బోటులో లైఫ్ జాకెట్ పిల్లలకు సరిగ్గా సరిపోయేదే అడిగి వేయించండి, వదులుగా ఉంటే నీళ్లలో పైకి జారి మొహం మీదికి వస్తుంది. బీచిలో పిల్లలు మోకాలి లోతు దాటకూడదు, ఒక్కో పిల్లకు ఒక్కో పెద్దమనిషి చెయ్యందే దూరంలో నిలబడాలి. "నువ్వు చూస్తున్నావనుకున్నా" అనే మాటకు చోటు లేకుండా ఎవరు ఎవరిని చూడాలో ముందే పంచుకోండి. బోటు ఎక్కడం దిగడం అత్తమ్మకు కష్టం అనిపిస్తే, ఆమెను ఆ పూట వినాయకుడి గుడికి, ఆశ్రమానికి మీరు తీసుకుపోండి, పిల్లల దగ్గర మీ ఆయన, మరిది ఉంటారు.

మనకుళ వినాయకర్ గుడి బీచికి దగ్గర్లోనే, ఫ్రెంచివాళ్లు రాకముందు నుంచీ ఉన్న గుడి. అక్కణ్ణుంచి ఆశ్రమం కొద్ది అడుగులే. అరవిందులు 1910లో ఈ ఊరికి వచ్చి 1950లో కన్నుమూసేదాకా ఇక్కడే ఉన్నారు. సమాధి చుట్టూ పూలు, చెట్టు నీడ, ఎవరూ మాట్లాడరు. మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి పదింటి లోపే వెళ్లండి, ఫోన్లు ఆఫ్ చేయాలి.

ఆరోవిల్ గురించి క్లుప్తంగా. పుదుచ్చేరి పక్కనే దేశదేశాల వాళ్లు కలిసి ఉండే ఊరు అది. అక్కడ బంగారు రంగు గోళంలా కనిపించే మాతృమందిరం అనే ధ్యానమందిరాన్ని బయటి నుంచి చూడటానికి విజిటర్స్ సెంటర్‌లో ఉచితంగా పాసు ఇస్తారు. కిలోమీటరు దాకా నడక, నడవలేనివాళ్లకు బస్సు ఉంటుంది, కౌంటర్లో అడగండి. లోపలికి పోయి కూర్చోవాలంటే ముందుగా బుక్ చేసుకోవాలి. ఆ పిల్లల వయసుకు అక్కడ చేసేదేమీ ఉండదు. నేనైతే రెండో రోజు మధ్యాహ్నం అక్కడికి పరుగెత్తే బదులు గదిలో నిద్రపొమ్మంటాను.

నిద్ర లేచాక నాలుగున్నరకు వైట్ టౌన్ వీధుల్లో నడవండి. పసుపు గోడలు, కాగితం పూల తీగలు, నీలం పలకల మీద తమిళంలో, ఫ్రెంచిలో వీధి పేర్లు. పిల్లలకు ఒక మాట చెప్పండి: మనకు 1947లో స్వాతంత్ర్యం వచ్చినా ఈ ఊరు ఇంకో ఏడేళ్లు ఫ్రెంచివాళ్ల చేతిలోనే ఉంది. 1954లో ప్రజాప్రతినిధులు ఓటు వేస్తే 178 మందిలో 170 మంది భారతదేశంలో కలవాలన్నారు, నవంబరు 1న పాలన చేతులు మారింది. రెండేళ్లకు అదే నవంబరు 1న మన ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. కాకినాడ పక్కన మన తెలుగువాళ్లుండే యానాం ఇప్పటికీ ఈ పుదుచ్చేరి కిందే ఉందంటే మీ బాబు మ్యాపు తీసి వెతుకుతాడు.

తిండికి ఇబ్బంది లేదు. శాకాహార హోటళ్లు నెహ్రూ వీధి, మిషన్ వీధి చుట్టుపక్కల చాలా ఉన్నాయి, ఇడ్లీ, పొంగల్, కాఫీ బాగుంటాయి. మన నోటికి కూరలు చప్పగా అనిపిస్తాయి కాబట్టి పప్పుల పొడి, ఊరగాయ వెంట ఉంచుకోండి. ఒక పొద్దున మాత్రం బేకరీలో అప్పుడే తీసిన ఫ్రెంచి రొట్టె పిల్లలకు తినిపించండి, పొద్దెక్కితే గట్టిపడుతుంది. వైట్ టౌన్ కెఫేల్లో మెనూలో ధరలు చూశాకే కూర్చోండి, ఆరుగురికి బిల్లు బాగానే అవుతుంది.

మూడో రోజు ఏడింటికల్లా బయల్దేరండి. చిదంబరం కడలూరు మీదుగా అరవై ఐదు కిలోమీటర్ల దాకా ఉంటుంది గానీ ఊళ్ల మధ్యలోంచి పోవాలి, రెండు గంటలు పట్టొచ్చు. నటరాజస్వామి గుడి మధ్యాహ్నం పన్నెండు దాటితే సాయంత్రం దాకా మూసేస్తారు. మీరు తొమ్మిదిన్నరకు చేరితే అత్తమ్మ నిదానంగా దర్శనం చేసుకుని, ప్రాకారంలో కాసేపు కూర్చోగలదు. పుదుచ్చేరి హద్దు దాటకముందే ట్యాంకు నింపించుకోండి, మన దగ్గరికన్నా పెట్రోలు లీటరుకు పది రూపాయల పైచిలుకు తక్కువ. అరుణాచలంలో ఎన్ని గంటలు ఉంటారో, వెళ్లే తేదీలు ఏవో రాస్తే పౌర్ణమి, శని ఆదివారాలు తగలకుండా సర్ది చెబుతాను.